మందలు మేసిపోయిన టండ్రా నేల తిరిగి కోలుకునే తీరు

భూగోళపు ఉత్తరపు కొసన, చెట్లు పెరిగే హద్దు దాటిన తరువాత కనిపించే చలి మైదానాలను టండ్రా అంటారు. అలాస్కా, కెనడా, నార్వే, రష్యాల ఉత్తరపు అంచులలో ఇవి విస్తరించి ఉన్నాయి. అక్కడ చాలాచోట్ల నేల అడుగుభాగం ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో పైపొర మాత్రమే కరుగుతుంది. మొక్క చిగురించి, పూచి, విత్తు కట్టడానికి దొరికే గడువు రెండు మూడు నెలలకు మించదు. ఆ కొద్దిపాటి పచ్చదనాన్ని రెయిన్‌డీర్ల మంద వచ్చి మేసిపోతే నేల ఎన్నాళ్ళకు కోలుకుంటుంది? దీనికి ఒకే జవాబు లేదు. గడ్డికి ఒక లెక్క, పొదకు ఒక లెక్క, లైకెన్‌కు మరొక లెక్క.

గడ్డి సంగతి సులభంగానే బోధపడుతుంది. మన పొలం గట్టున గరికను పశువులు నేలబారుగా మేసినా నాలుగు చినుకులు పడగానే మళ్ళీ తల ఎత్తుతుంది గదా! టండ్రాలోని గడ్డి, తుంగజాతి మొక్కలదీ అదే స్వభావం. వాటి శరీరంలో అధికభాగం నేల కిందనే ఉంటుంది. మొగ్గలు దుబ్బు మొదట్లో, ఎండిన ఆకుల మరుగున భద్రంగా దాగి ఉంటాయి. వేళ్ళలో దాచుకున్న ఆహారంతో అవి కొత్త పిలకలు వేస్తాయి. విత్తనం మొలకెత్తి పెరగడం ఆ చలిలో అరుదు గనుక పిలకే వాటికి ఆధారం. పైగా మంద విడిచిన పేడ, మూత్రం ఆ పేద నేలకు ఎరువవుతాయి. అందువల్ల మేత తరువాత కొన్నిచోట్ల గడ్డి మునుపటికంటె ఏపుగా లేస్తుంది. అయితే ఒకే వేసవిలో పదేపదే కొరికితే వేళ్ళలోని నిల్వ తరిగి దుబ్బు నీరసిస్తుంది. మరగుజ్జు విల్లో పొదలు కూడా మొదలు నుండి తిరిగి చిగురిస్తాయి గాని, వాటికి మరికొన్ని ఏండ్లు పడుతుంది.

అసలు చిక్కు లైకెన్లతో వస్తుంది. మసాలా దినుసులలో వేసే రాతిపువ్వును ఎరుగని ఇల్లు ఉండదు. దానినే కన్నడంలో కల్లుహూవు, తమిళంలో కల్పాసి, మరాఠీలో దగడ్‌ఫూల్ అంటారు. అది పువ్వు కాదు, ఒక లైకెన్. శిలీంధ్రమూ శైవలమూ కలిసి కాపురం చేసే జీవి. టండ్రాలో రెయిన్‌డీర్లు మేసే లైకెన్ వేరే జాతిదైనా అదే వర్గానికి చెందినది. తెల్లని పొదలా, మెత్తని పరుపులా నేలను కప్పి ఉంటుంది. దానికి వేరు లేదు, భూమిలో దాచుకున్న నిల్వా లేదు. మంచు, వాన, గాలిలోని తేమ ఇవే దాని నీరు. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. చలికాలంలో గడ్డి ఎండిపోయినప్పుడు మంచును గిట్టలతో తవ్వి రెయిన్‌డీర్లు దీనినే తింటాయి. ఎండు వేసవిలో తినకపోయినా, గిట్టల కింద అప్పడంలా నలిగి పొడి అయిపోతుంది.

ఈ తేడాను లోకానికి చూపించిన చోటు బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవి. దాని వైశాల్యం సుమారు 330 చదరపు కిలోమీటర్లు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944లో, అక్కడ కాపలా ఉన్న అమెరికా సిబ్బందికి అవసరమైతే మాంసం దొరుకుతుందన్న ఉద్దేశంతో 29 రెయిన్‌డీర్లను తెచ్చి వదిలారు. యుద్ధం ముగిసి మనుషులు వెళ్ళిపోయారు, జంతువులు మిగిలాయి. తోడేలు లేదు, వేటగాడు లేడు. నేలంతా శతాబ్దాలుగా ఎవరూ ముట్టని లైకెన్ పరుపు. అలాస్కా శాస్త్రవేత్త డేవిడ్ క్లైన్ 1957లో వెళ్ళి లెక్కించగా 1,350 కనిపించాయి. 1963 నాటికి 6,000. అప్పటికే లైకెన్లు హరించుకుపోయాయి, జంతువుల బరువు మూడింట ఒక వంతుకు పైగా తగ్గిపోయింది. ఆ ఏడు చలికాలం మంచు విపరీతంగా కురిసింది. 1966లో క్లైన్ మళ్ళీ వెళ్ళేసరికి దీవి అంతటా ఎముకలు. ప్రాణంతో మిగిలినవి 42. వాటిలో మగది ఒక్కటే, అదీ సంతానానికి పనికిరానిదని తోచింది. పిల్ల ఒక్కటీ లేదు. 1980వ దశకానికి మంద పూర్తిగా అంతరించింది.

నేల మాట ఏమిటి? గడ్డి, తుంగ, నాచు ఖాళీ అయిన చోట్లను త్వరగానే ఆక్రమించాయి. పై నుండి చూసేవారికి దీవి పచ్చగానే కనబడుతుంది. కాని మంద చచ్చిన నలభై ఏండ్ల తరువాత, 2005లో పరిశీలించినప్పుడు లైకెన్ల రాశి రెయిన్‌డీర్లు ఎన్నడూ అడుగుపెట్టని పక్కనున్న హాల్ దీవితో పోలిస్తే సుమారు పదో వంతే ఉన్నది. వాతావరణ మార్పు కూడా ఈ ఆలస్యానికి కారణమని క్లైన్, ఆయన సహ పరిశోధకురాలు భావించారు. పచ్చబడినంత మాత్రాన కోలుకున్నట్లు కాదన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం. ఆ గడ్డి వేసవిలో కడుపు నింపగలదు గాని చలికాలపు మేత కాలేదు.

సెయింట్ మాథ్యూలో మందకు వెళ్ళే దారి లేదు. స్వేచ్ఛగా తిరిగే మందలు వందల కిలోమీటర్లు వలసపోతాయి గనుక ఒక చోటి నేలకు విరామం దొరుకుతుంది. అలాగని అక్కడ నష్టం ఉండదని కాదు. తూర్పు కెనడాలోని జార్జ్ నది కారిబూ మంద (అడవి రెయిన్‌డీరునే ఉత్తర అమెరికాలో కారిబూ అంటారు) 1990వ దశకం తొలినాళ్ళలో ఏడెనిమిది లక్షల వరకు పెరిగింది. వేసవి మేత నేలలలో మరగుజ్జు బర్చ్ ఆకులు ఊడిపోయాయి, లైకెన్ పరుపు నలిగిపోయింది. 2018 నాటికి ఆ మందలో మిగిలినవి 5,500 మాత్రమే. ఈ క్షీణతకు మేత ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. ఆ ప్రాంతపు పరిశోధకులు మంద చరిత్రను ఒక వింత పద్ధతిలో చదివారు. దారిలో నేలపైకి తేలిన స్ప్రూస్ చెట్ల వేళ్ళ మీద గిట్టలు చేసిన గాయాలు మచ్చలుగా మిగులుతాయి. వేరులోని ఏటేటి వలయాలను లెక్కించి ఏ ఏడాది గాయమో చెప్పవచ్చు. గాయాలు ఎక్కువగా ఉన్న ఏండ్లు మంద పెద్దగా ఉన్న ఏండ్లు.

మేత ఏ ఋతువులో జరిగిందన్నది ఎంత ముఖ్యమో నార్వే, ఫిన్లాండ్ సరిహద్దు చెబుతుంది. ఇక్కడివి అడవి మందలు కావు, సామీ జనులు, ఇతరులు పెంచుకునేవి. పూర్వం అవి ఋతువును బట్టి అటూ ఇటూ తిరిగేవి. 1852లో సరిహద్దు మూతపడింది. గీతకు ఆవలి ఊరిలో చుట్టరికం, మేతబీడు రెండూ ఉన్నవారికి ఆ ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు. తరువాత కంచె వచ్చింది. నార్వే వైపు ఆ నేలను చలికాలంలో మాత్రమే మేపుతారు. మంచు కప్పు కింద లైకెన్ నలగదు. ఫిన్లాండ్ వైపు వేసవిలోనూ మంద తిరుగుతుంది. ఉపగ్రహ చిత్రాలలో కంచెకు ఒక పక్క లైకెన్‌తో తెల్లగాను, మరొక పక్క నల్లగాను కనిపిస్తుంది.