ఇంటి చదువుకు పట్టా: పెన్సిల్వేనియా అనుభవం

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం 1895లో నిర్బంధ విద్యా చట్టం చేసింది. పిల్లలను బడికి పంపకుండా ఇంట్లో చదివించదలచిన వారికి అర్హుడైన ప్రైవేటు ట్యూటర్ అన్న ఒక్క దారే ఉండేది. ఆ అర్హతను తేల్చేది స్థానిక పాఠశాల జిల్లా సూపరింటెండెంటు. ఒక జిల్లాలో చెల్లిన చదువు పక్క జిల్లాలో చెల్లకపోయేది. 1980లలో తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఈ నిబంధన అస్పష్టంగా ఉందని 1988లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది.

ఆ ఏడాది డిసెంబరులోనే ఇంటి చదువు చట్టం (169వ చట్టం) వచ్చింది. అధికారి ఇష్టాయిష్టాల స్థానంలో అది రికార్డును నిలబెట్టింది. తల్లి గానీ తండ్రి గానీ ఏటా నోటరీ చేయించిన అఫిడవిట్ ఇవ్వాలని అప్పట్లో కోరింది. ఏడాదికి 180 రోజులు, లేదా హైస్కూలు స్థాయిలో 990 గంటలు చదువు సాగాలి. చదివిన పుస్తకాల పేర్లను ఎప్పటికప్పుడు రాసిన చిట్టా, విద్యార్థి రాతల నమూనాలు పోర్ట్‌ఫోలియోలో ఉండాలి. అర్హుడైన మూల్యాంకనకర్త ఏటా విద్యార్థితో మాట్లాడి, పోర్ట్‌ఫోలియో చూసి, చదువు సక్రమంగా సాగిందని రాసివ్వాలి.

9 నుంచి 12వ తరగతి వరకు పూర్తిచేయవలసిన చదువునూ చట్టం నిర్ణయించింది: ఇంగ్లిషు నాలుగేళ్లు, గణితం, సైన్సు, సామాజిక శాస్త్రాలు మూడేసి ఏళ్లు, కళలు, మానవీయ శాస్త్రాలు రెండేళ్లు. సబ్జెక్టుకు ఏటా సుమారు 120 గంటల బోధన ఒక యూనిట్ అన్న లెక్క 1905లో ఏర్పడిన కార్నెగీ ఫౌండేషన్ ద్వారా అమెరికా అంతటా స్థిరపడింది. ఇంట్లో తయారయ్యే ట్రాన్స్‌క్రిప్టు (చదివిన సబ్జెక్టుల పత్రం)లోనూ తరచుగా ఈ లెక్కే కనిపిస్తుంది.

అయినా తల్లిదండ్రుల చేతి డిప్లొమాకు రాష్ట్ర గుర్తింపు దక్కలేదు. హోమ్‌స్కూలింగ్ సంఘాలే రికార్డులు పరిశీలించి డిప్లొమాలు ఇచ్చేవి. 2014 నాటి 196వ చట్టం ఈ లోటు తీర్చింది. విద్యాశాఖ రూపొందించిన నమూనాపై తల్లి లేదా తండ్రి సంతకం చేసి, 12వ తరగతి మూల్యాంకనకర్త ధ్రువీకరిస్తే ఆ డిప్లొమా రాష్ట్రంలో చెల్లుతుంది. పోర్ట్‌ఫోలియోను ఏటా సూపరింటెండెంటుకు సమర్పించే పనీ తప్పింది. మూల్యాంకనకర్త ధ్రువపత్రం జూన్ 30లోగా అందితే చాలు.

పోర్ట్‌ఫోలియో తయారుచేసే బాధ్యత మాత్రం అలాగే ఉంది. మూల్యాంకనకర్త సంతకానికి ఆధారం అదే. ఆ సంతకం మీదే డిప్లొమా విలువ ఆధారపడుతుంది.