మడమ నొప్పి: కారణాన్వేషణ చరిత్ర

వరంగల్లులో ఆజంజాహి మిల్లు 1934లో ఆరంభమైనది. నూలు వడికే యంత్రాల వద్ద పని అంటే గంటల తరబడి గట్టి నేలపై నిలబడుట, యంత్రం వెంట అటునిటు నడచుట. ఈ శతాబ్ది ఆరంభంలో మిల్లు మూతపడినది గాని, నిలబడి చేసే కొలువులు నగరంలో అంతరించలేదు. బట్టల దుకాణపు గుమాస్తాకు, నర్సుకు, పోలీసుకు, వంటమనిషికి కాళ్లే ఆధారం. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో ముల్లు గ్రుచ్చినట్లయితే, అట్టివారి జీవనోపాధికే ముప్పు.

ఈ నొప్పికి కారణమేమి? సుశ్రుత సంహిత ‘వాతకంటకం’ అనే పాదవ్యాధిని పేర్కొని, పాదమును విషమంగా మోపుటయే దానికి మూలమన్నది. ఐరోపా వైద్యులు అంటురోగాలను శంకించారు. 1812లో వుడ్ అనే వైద్యుడు దీనిని క్షయకు ముడిపెట్టాడు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్న పిమ్మట దృష్టి ఎముకపైకి మళ్లినది. 1900లో ప్లెట్నర్ మడమ ఎముకకు మొలిచే ముల్లును వర్ణించాడు. దోషి దొరికినదని పలువురు భావించి, దానిని కోసి తీసివేయసాగారు. కాని నొప్పి ఎరుగని వారి మడమలలో సైతం ఆ ముల్లు కనిపించినది!

అసలు చోటు అరికాలి పట్టీ. ధనుస్సుకు నారి వలె అది మడమ నుండి వ్రేళ్ల మొదళ్ల వరకు సాగి, పాదపు వంపును నిలుపుతుంది. 1954లో హిక్స్ దీని పనితీరును వివరించాడు. కొత్తవాడ మగ్గంపై దోనె త్రిప్పగా పడుగు బిగిసినట్లే, వ్రేళ్లు పైకి వంగినపుడు ఈ పట్టీ బిగిసి వంపును ఎత్తుతుంది. అడుగడుగునా ఇదే శ్రమ. 2003లో లెమాంట్ బృందం 50 శస్త్రచికిత్సలలో తీసిన కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, కనిపించినది వాపు కాదు, నారపోగుల శైథిల్యం.

కారణం భారమైతే ఉపశమనం దినచర్యలోనే ఉండవలెను. 2003లోనే అమెరికాలో 101 మంది రోగులపై జరిగిన పరిశీలనలో, పిక్కను సాగదీయుట కన్న అరికాలి పట్టీని సాగదీయుట మేలని తేలినది. పద్ధతి సులభం: మంచం దిగకముందే నొప్పి కాలిని రెండవ మోకాలిపై వేసి, వ్రేళ్లను చేతితో వెనుకకు లాగి, పది లెక్కించువరకు పట్టవలెను. ఇట్లు పదిమార్లు, రోజుకు మూడుసార్లు చేయవలెను. ఇంటి బండలపై కూడ మెత్తని చెప్పులు తొడుగుట, అధిక బరువు తగ్గించుట, నడకను క్రమంగా పెంచుట, నిలబడు పనిలో నడుమ నడుమ కూర్చుండుట అవసరం. తిమ్మిరి, జ్వరం, వాపు ఉన్నవారు, మధుమేహ రోగులు వైద్యుని చూడవలెను. శస్త్రచికిత్స లేకుండనే అధికసంఖ్యాకులు కొన్ని నెలలలో కోలుకొంటారు.