యాంటీబయాటిక్ విరేచనాలు: మందుకు మందే విరుగుడా?

గొంతునొప్పికో జ్వరానికో యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే, మన ఇళ్లలో దాన్నెవరూ జబ్బుగా లెక్కపెట్టరు. మందు వేడి చేసిందంటారు. మజ్జిగ తాగమంటారు. మరీ ఎక్కువైతే మందుల షాపుకు వెళ్లి విరేచనాలు కట్టే మాత్ర అడుగుతారు. దానితోపాటు ఇంకో యాంటీబయాటిక్ కూడా చేతికి రావడం అరుదేమీ కాదు. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని మరో మందుతో తీర్చుకోవచ్చన్న ఈ నమ్మకాన్ని సామాన్యుల అమాయకత్వమని కొట్టిపారేయలేం. వైద్యశాస్త్రం కూడా చాలా దశాబ్దాలు ఇదే నమ్మకంతో నడిచింది. ఆ చరిత్రను వరుసగా చూస్తే నాకు తేలిన సంగతి ఇది: కొత్త మందులు ఎందరో రోగుల ప్రాణాలు నిలబెట్టాయి, కానీ ఈ జబ్బును జనంలో నిజంగా తగ్గించింది మాత్రం అక్కర్లేని యాంటీబయాటిక్‌ను వాడకపోవడమే. నివారణ విరేచనాలు మొదలయ్యాక వెతుక్కునేది కాదు, మందుల చీటీ రాసే ముందే తేలిపోయేది.

యాంటీబయాటిక్‌లు పుట్టకముందే ఈ కథ మొదలైంది. 1893లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో జాన్ ఫిన్నీ అనే సర్జన్ ఒక యువతికి జీర్ణాశయం ఆపరేషన్ చేశాడు. కొన్ని రోజులకు ఆమెకు విరేచనాలు పట్టుకుని, చివరికి ప్రాణం పోయింది. శవపరీక్షలో పేగు లోపలి గోడ మీద, డిఫ్తీరియా రోగి గొంతులో కట్టేలాంటి పొర కనిపించింది. అది ఎందుకు కట్టిందో అప్పుడెవరికీ తెలియలేదు. 1935లో ఐవన్ హాల్, ఎలిజబెత్ ఓటూల్ అనే పరిశోధకులు పసిపిల్లల మలంలో కొత్త బాక్టీరియాను గుర్తించారు. గాలి తగిలితే బతకని ఆ సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచడం మహా కష్టమైంది. ఇప్పుడు దాన్ని క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసీల్ అంటున్నాం. దాని విషం గినీ పందులను, కుందేళ్లను చంపగలిగింది. అదే బాక్టీరియాను కడుపులో మోస్తున్న పిల్లలు మాత్రం హాయిగా ఉన్నారు. ప్రమాదకరమైన సూక్ష్మజీవి లోపల ఉన్నంత మాత్రాన జబ్బు రాదని ఆ పసికందులు అప్పుడే చూపించారు. ఆ సాక్ష్యాన్ని పట్టించుకున్నవారు లేరు. ఫిన్నీ చూసిన పొరకూ ఈ బాక్టీరియాకూ సంబంధం ఉందని తేలడానికి మరో 43 ఏళ్లు పట్టింది.

ఆ 43 ఏళ్ల వ్యవధిలోనే యాంటీబయాటిక్‌ల యుగం వచ్చింది. అందులో తెలుగువారు గర్వంగా తలచుకునే ఘట్టం ఒకటి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు సారథ్యం వహిస్తున్న రోజుల్లో, అక్కడ పనిచేస్తున్న బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాల్లోంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో లోకానికి పరిచయమైన ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. పెనిసిలిన్‌కు లొంగని ఎన్నో జబ్బులు దీనికి లొంగాయి. ఎన్ని రకాల బాక్టీరియాను చంపగలిగితే అంత గొప్ప మందన్న కొలమానం అప్పుడే స్థిరపడింది. ప్రాణాపాయంలో ఉన్న రోగి విషయంలో ఆ కొలమానం సబబే. కానీ మన పేగుల్లో కాపురముండే బాక్టీరియా కూడా ఆ దెబ్బకు అడ్డం వస్తుందన్న సంగతిని అది లెక్కలోకి తీసుకోలేదు. 1954లో చికాగోలో మార్జొరీ బోన్‌హాఫ్, ఆమె సహచరులు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఆ లెక్కను బయటపెట్టింది. మామూలు ఎలుకకు సాల్మొనెల్లా సోకించాలంటే సుమారు లక్ష బాక్టీరియా కావాల్సి వచ్చింది. ముందుగా స్ట్రెప్టోమైసిన్ తాగించిన ఎలుకకు పది కూడా అవసరం లేకపోయాయి. పైరు ఏపుగా ఉన్న పొలంలో తలెత్తలేని కలుపు, పైరు పోగానే చేనంతా అల్లుకున్నట్టు, మేలు చేసే బాక్టీరియా చచ్చిన పేగులో చెడ్డవి చోటు చేసుకుంటాయి.

ఈ ప్రయోగంలో దాగిన హెచ్చరికను వైద్యులు వెంటనే అందుకోలేకపోయారు. అందుకు కారణం ఒక రకంగా వాళ్లు సాధించిన విజయమే. యాంటీబయాటిక్ వాడిన శస్త్రచికిత్స రోగుల్లో తీవ్ర విరేచనాలు వస్తే, మలంలో స్టెఫలోకాకస్ కనిపించేది. నేరం దాని మీదే మోపారు. 1958లో వాడుకలోకి వచ్చిన వాంకోమైసిన్‌ను నోటి ద్వారా ఇస్తే చాలామంది కోలుకున్నారు. మందు పనిచేసింది గనుక అనుకున్న కారణం కూడా సరైనదేనన్న ధీమా ఏర్పడింది. నిజానికి వాంకోమైసిన్ డిఫిసీల్‌ను కూడా చంపుతుంది. అసలు దోషి ఎవరో తెలియకుండానే దానికి తగిన మందు దొరికింది, ఆ మందు ఫలించడం వల్లే వెతుకులాట ఆగిపోయింది. అదే 1958లో డెన్వర్‌లో బెన్ ఐస్‌మన్ అనే సర్జన్ ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి తొక్కాడు. ఇలాంటి విరేచనాలతో చావుకు దగ్గరైన నలుగురికి, ఆరోగ్యవంతుల మలాన్ని ఎనిమా ద్వారా ఎక్కించాడు. నలుగురూ త్వరగా తేరుకున్నారు. ఒకరు చంపడం మీద, మరొకరు పోయినదాన్ని తిరిగి నింపడం మీద ఆధారపడ్డారు. లోకం మొదటి దారినే పట్టింది.

అసలు గుట్టు విప్పింది క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్. 1974లో సెయింట్ లూయిస్‌లో ఫ్రాన్సిస్ టెడెస్కో బృందం ఆ మందు తీసుకుంటున్న 200 మందిని వరుసగా గమనించింది. వారిలో 21 శాతం మందికి విరేచనాలు పట్టుకున్నాయి. గొట్టం పంపి పెద్దపేగును చూస్తే 10 శాతం మందిలో ఫిన్నీ వర్ణించినలాంటి పొర కనిపించింది. స్టెఫలోకాకస్ మాత్రం దొరకలేదు. ఆ తర్వాత జాన్ బార్ట్‌లెట్ బృందం హామ్‌స్టర్లనే చిన్న జంతువులకు క్లిండామైసిన్ ఇచ్చి, అదే జబ్బును వాటిలో పుట్టించింది. పేగులోని విషాన్ని క్లాస్ట్రిడియం జాతికి వాడే విరుగుడు ఆపగలిగింది. ఆ ఆధారం పట్టుకుని వెళ్తే, 1978 నాటికి డిఫిసీలే దోషి అని తేలింది. ఇంగ్లండ్‌లోని పరిశోధకులు కూడా ఇంచుమించు అదే సమయంలో అదే నిర్ణయానికి వచ్చారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యాంటీబయాటిక్‌తో వచ్చే ప్రతి విరేచనానికీ డిఫిసీల్ కారణం కాదు. అది మహా అయితే నాలుగో వంతు కేసుల్లోనే కనిపిస్తుంది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం తేలికపాటివి. అరగని పిండిపదార్థాన్ని పులియబెట్టే బాక్టీరియా తగ్గిపోతే, అది పెద్దపేగులో మిగిలి నీటిని లాగుతుంది. ఎరిత్రోమైసిన్ లాంటివి పేగు కదలికనే పెంచుతాయి. అమాక్సిసిలిన్‌కు జతచేసే క్లావులనేట్ తన వంతు ఇబ్బంది తాను తెస్తుంది. మెట్‌ఫార్మిన్, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్‌లు యాంటీబయాటిక్‌లు కాకపోయినా విరేచనాలు తేగలవు. అందుకే విరేచనాలు మొదలైన ప్రతివారికీ ఇంకో యాంటీబయాటిక్ ఇవ్వడం తర్కానికి నిలవదు.

కారణం ఏదైనా, విరేచనాల్లో ముందు పోయేది నీరూ ఉప్పూ. వాటిని తిరిగి ఇవ్వడంలో భారత ఉపఖండానిది పెద్ద చెయ్యి. చిన్నపేగు గ్లూకోజ్‌ను పీల్చుకునేటప్పుడు సోడియంను కూడా వెంట లాక్కుంటుందని రాబర్ట్ క్రేన్ 1960లో వివరించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు నిండిన బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు, దిలీప్ మహాలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజ్ కలిపిన నీళ్లను తాగించాడు. మరణాలు సుమారు 30 శాతం నుంచి 3.6 శాతానికి దిగాయి. బాక్టీరియాను చంపే మందుతో కాక, పోయినదాన్ని తిరిగి ఇవ్వడం వల్లే ఆ ప్రాణాలు నిలబడ్డాయి. మందు తెచ్చిన విరేచనాల్లోనూ మొదటి చికిత్స ఓఆర్‌ఎస్ పొట్లమే. డిఫిసీల్ విషయంలో మాత్రం నీళ్లొక్కటే చాలవు. వాంకోమైసిన్ లాంటి మందు కావాలి. అయితే మొదటిసారి నయమైన వారిలో సుమారు ఐదో వంతు మందికి జబ్బు తిరగబెడుతుంది. బాక్టీరియా చచ్చినా దాని సిద్ధబీజాలు మిగులుతాయి. కాపలా కాసే మంచి బాక్టీరియా ఇంకా కోలుకోకముందే అవి మళ్లీ మొలుస్తాయి. ఐస్‌మన్ దారికి ఇక్కడ మళ్లీ విలువ వచ్చింది. 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు తిరగబెట్టిన 16 మందికి దాతల మలద్రావణం ఎక్కిస్తే 13 మంది ఒక్క విడతకే కోలుకున్నారు. వాంకోమైసిన్ మాత్రమే తీసుకున్న 13 మందిలో కోలుకున్నవారు నలుగురే. ఈ చికిత్సకూ ప్రమాదం లేకపోలేదు. దాత నుంచి మందులకు లొంగని బాక్టీరియా సోకి ఒక రోగి మరణించడంతో, 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. కట్టుదిట్టమైన పరీక్షలతో తయారుచేసిన ఉత్పత్తులకు 2022, 2023లలో ఆ సంస్థే అనుమతి ఇచ్చింది.

చికిత్స ఇంత ముందుకు వెళ్తున్న కాలంలోనే జబ్బు మాత్రం పెరిగింది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో ఒక ప్రాంతంలో 1991లో లక్ష జనాభాకు 35.6గా ఉన్న డిఫిసీల్ కేసులు 2003లో 156.3కు చేరాయి. వృద్ధులు ఎక్కువగా నలిగిపోయారు. అందుకు కారణమైన రకం సిప్రోఫ్లాక్సాసిన్ వర్గానికి చెందిన ఫ్లోరోక్వినొలోన్‌లను తట్టుకోగలిగింది. ఆ మందులు విచ్చలవిడిగా వాడుతున్న ఆస్పత్రుల్లో దానికి పోటీ లేకుండా పోయింది. ఇంగ్లండ్‌లోనూ అదే జరిగింది. 2007-08లో అక్కడ 55 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. చేతుల శుభ్రత, క్లోరిన్‌తో వార్డులు కడగడం, రోగులను విడిగా ఉంచడంతోపాటు ఆ యాంటీబయాటిక్‌లను బాగా తగ్గించారు. ఆరేళ్లలో కేసులు 13 వేల స్థాయికి పడిపోయాయి. ఏది ఫలించిందో చెప్పడం ఎలా? 2017లో వెలువడిన జన్యు విశ్లేషణ దీనికి జవాబిచ్చింది. శుభ్రతే ప్రధాన కారణమైతే డిఫిసీల్ రకాలన్నీ ఒకేలా తగ్గాలి. కానీ ఫ్లోరోక్వినొలోన్‌లను తట్టుకునే రకాలే దాదాపు మాయమయ్యాయి. వాటికి లొంగే రకాలు పెద్దగా మారలేదు. నా వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు. శుభ్రత అనవసరమని దీని అర్థం కాదు. సిద్ధబీజాలను శానిటైజర్ చంపదు కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోవలసిందే. కానీ ఆ మహమ్మారి నడుం విరిచింది మాత్రం మందుల చీటీలో వచ్చిన మార్పే.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, ప్రొబయాటిక్ క్యాప్సూలో కప్పు పెరుగో యాంటీబయాటిక్‌తోపాటు ఇస్తే సరిపోదా అని. 2012లో ఎన్నో ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలో ప్రొబయాటిక్‌లు తీసుకున్నవారిలో విరేచనాలు 42 శాతం తక్కువగా కనిపించాయి. కానీ మరుసటి ఏడాదే బ్రిటన్‌లో 2,900 మందికి పైగా వృద్ధ రోగుల మీద జరిగిన ప్లాసిడ్ అనే పెద్ద ప్రయోగంలో వాటివల్ల ఏ మేలూ కనిపించలేదు. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఇంకా ముందుకు వెళ్లారు. యాంటీబయాటిక్ తర్వాత ప్రొబయాటిక్‌లు తీసుకున్నవారిలో, సొంత బాక్టీరియా మునుపటి స్థితికి రావడం ఆలస్యమైందని చూపారు. కొన్ని రకాలు కొందరికి ఉపయోగపడవచ్చు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి అవి ప్రమాదం కూడా కావచ్చు. పెరుగన్నం కడుపుకు హితవే, తినవచ్చు. అయితే కొన్ని రకాల బాక్టీరియాను పోసి, వందల రకాలు పోయిన లోటు పూడ్చగలమనుకోవడం అత్యాశ. ఏదో రక్షణ ఉందన్న భరోసాతో అక్కర్లేని యాంటీబయాటిక్‌ను నిశ్చింతగా మింగడం అంతకన్నా చెడ్డది.

రెండో అభ్యంతరం బరువైనది. విరేచనాల భయంతో జనం యాంటీబయాటిక్ మానేస్తే న్యుమోనియా, రక్తంలో ఇన్ఫెక్షన్ ప్రాణం తీయవా? తీస్తాయి. అందుకే నేను కోరేది మానడం కాదు, తగినదాన్ని తగినన్ని రోజులు వాడడం. సాధారణ న్యుమోనియా చాలామందిలో అయిదు రోజుల మందుతోనే నయమవుతుందని ఇప్పుడు తేలింది. ఒకప్పుడు పదీ పద్నాలుగు రోజులు వాడేవారు. ఆ కోత వైద్యుడు పెట్టాలి, రోగి తనంతట తాను పెట్టుకోకూడదు. మూడోది, డిఫిసీల్ పాశ్చాత్య దేశాల ఆస్పత్రుల జబ్బు, మనకెందుకన్న మాట. చండీగఢ్ పీజీఐ లాంటి సంస్థలు దశాబ్దాలుగా మన రోగుల్లో దాన్ని గుర్తిస్తూనే ఉన్నాయి. పరీక్ష చేయని చోట జబ్బు లేదనుకోవడం తేలిక. పైగా మన దేశంలో యాంటీబయాటిక్ చేతికి రావడం కష్టమేమీ కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరా, వీధి చివరి షాపులోనూ చీటీ లేకుండానే దొరుకుతుంది. కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను షెడ్యూల్ హెచ్1లో చేర్చి, చీటీ లేనిదే అమ్మకూడదని, అమ్మిన వివరాలు రిజిస్టరులో రాయాలని పెట్టిన నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. ఆ నిబంధన కాగితం దాటి కౌంటరు దాకా రావాలి. జలుబు, మామూలు దగ్గు, చాలా గొంతునొప్పులు వైరస్‌ల వల్ల వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పేగులకు మాత్రం నష్టం పూర్తిగా జరుగుతుంది.

ఈ చరిత్ర నుంచి ఇంటికి పనికొచ్చే నియమాలు కొన్నే, కానీ గట్టివి. యాంటీబయాటిక్ రాస్తే ఇది నిజంగా అవసరమా, ఎన్ని రోజులు అని డాక్టరును అడగడం రోగి హక్కు. తేలికగా విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ తీసుకుంటూ, మందు కొనసాగించాలో మార్చాలో రాసిన డాక్టరునే అడగాలి. రోజుకు మూడుసార్లకు మించి నీళ్ల విరేచనాలు అవుతూ జ్వరం, కడుపునొప్పి, రక్తం, నీరసం తోడైతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మందు ఆపేసిన కొన్ని వారాల తర్వాత వచ్చినా సరే, ఫలానా యాంటీబయాటిక్ వాడామని తప్పక చెప్పాలి. జ్వరం, రక్తం ఉన్నప్పుడు లోపెరమైడ్ లాంటి విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోకూడదు. వృద్ధుల విషయంలో మరింత అప్రమత్తంగా ఉండాలి. ఇవన్నీ వచ్చిన ఆపదను దాటించే జాగ్రత్తలు. ఆపదే రాకుండా చూసేది మాత్రం వైద్యుడి కలం, షాపు యజమాని నిగ్రహం, త్వరగా తగ్గిపోవాలన్న మన ఆత్రుతకు మనమే వేసుకునే కళ్లెం. ఇంగ్లండ్ ఆరేళ్లలో దీన్ని సాధించి చూపింది. అందుకు అది కొత్త మందు కనిపెట్టాల్సిన అవసరం రాలేదు. మనకూ రాదు.