మూసీ పాతవంతెన, ఒక చింతచెట్టు

భాగ్యనగరమునకు పోయిన మనవారు ముందుగా చార్మినారు చూడబోవుదురు. నేనును తొలిసారి అట్లే చేసితిని. ఈసారి మాత్రము ముందు మూసీయొడ్డునకు పోతిని. కారణము విన్నవించెదను.

నగరమును, చార్మినారును మహమ్మదు కులీ కుతుబుషాహు 1591లో నెలకొల్పెను. ఏటిమీది పురానాపూల్ అనెడి పాతవంతెన 1578లోనే, అతని తండ్రి యిబ్రహీము కాలమున, కట్టబడినది. అనగా ఊరికంటె వంతెనయే పదుమూడేండ్లు పెద్ద. గోలకొండనుండి ఆవలిగట్టునకు బాట యేర్పడిన పిమ్మటనే అచ్చట నగరము వెలసినది. యువరాజు ప్రియురాలికొరకు పొంగుచున్న యేరు దాటగా, తండ్రి భయపడి వంతెన కట్టించెనని యొక కథ గలదు. అప్పటికి ఆ బాలునకు పండ్రెండు పదుమూడేండ్లే! కథను కథగానే విందము. ఈ యిబ్రహీమునే మన కవులు మల్కిభరాముడనిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమొసగెను. తెలుగు కావ్యము విన్న ప్రభువు కట్టించినది గదా యని ఇరువదిరెండు కమానులను ముసలికన్నులతో లెక్కించితిని. క్రింద పారునది మురుగు. వెంట వచ్చిన కుఱ్ఱవాడు “ఈ కాలువకు ఇంత వంతెనయా, మాస్టారూ?” అనెను.

వానికి 1908 సెప్టెంబరు 28 సంగతి చెప్పితిని. ఎగువను కుంభవృష్టి కురిసినది. పైచెరువు తెగిన క్రిందిచెరువు నిలువదని మనకు వేఱుగ చెప్పనేల? అట్లు రెండువందలకు పైగా చెరువులు తెగి, ఆ నీరంతయు ఒక్కుమ్మడిగా నగరముపై బడినది. వేలకొలది జనులు, ఇండ్లు కొట్టుకొనిపోయిరి. దిగువనున్న మూడు వంతెనలు విరిగెను; ఈ పాతది నిలిచెను. మరుసటియేట విశ్వేశ్వరయ్యగారు వచ్చి యెగువను ఆనకట్టలు కట్టవలెననిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను ముగిసినవి. దక్షిణపుగట్టున ఉన్నతన్యాయస్థానము, ఉత్తరపుగట్టున ఉస్మానియా ఆసుపత్రి పిమ్మట లేచినవే.

ఆ ఆసుపత్రి తోటలో ఒక చింతచెట్టు కలదు. వరదనాడు నూటయేబదిమంది దాని కొమ్మలనెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. నా మట్టుకు నగరమున దానికంటె పెద్ద స్మారకము లేదు.

నేను పోయిననాడు దాని నీడలో ఒక రోగి బంధువు, పల్లెటూరివాడు, సద్దిమూట విప్పుకొని కూర్చుండెను. “అయ్యా, ఈ చెట్టు కథ యెఱుగుదువా?” అని యడిగి, చెప్పితిని. చేతి ముద్ద చేతనే యుండగా ఆయన తలయెత్తి పైకొమ్మలవంక చాలసేపు చూచెను.