హైదరాబాద్ గుర్రప్పందాలపై నియంత్రణాధికారాలు

హైదరాబాద్ గుర్రప్పందాలపై అధికారం ఒక్కరి చేతిలో లేదు. గుర్రం, జాకీ, ట్రెయినర్ల సంగతి రేస్ క్లబ్బు చూసుకుంటుంది. పందెం డబ్బు, అది కాసే చోటు ప్రభుత్వ పరిధిలోకి వస్తాయి. మౌలాలిలో మొదలైన రేసులు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు మారాయి. ఇప్పటి హైదరాబాద్ రేస్ క్లబ్బు 1961లో ఏర్పడింది.

మైదానంలో తుదిమాట క్లబ్బు తరఫున తీర్పు చెప్పే స్టీవార్డులది. పరుగు ముగియగానే జాకీ గుర్రం దిగి, జీను విప్పి చేత పట్టుకుని కాటా దగ్గరికి వస్తాడు. పరుగుకు ముందు తూచిన బరువుకూ ఇప్పటి బరువుకూ పొంతన కుదరకపోతే గెలిచిన గుర్రం కూడా అనర్హమయ్యే ప్రమాదం ఉంది. కాటా సరిపోయి, అభ్యంతరాలు తేలితేనే కౌంటర్లలో చెల్లింపులు మొదలవుతాయి. ఒక గుర్రం మరోదానికి అడ్డుపడిందా, గెలవగల గుర్రాన్ని జాకీ కావాలనే బిగబట్టాడా అన్నది వీడియో తిప్పి చూసి విచారిస్తారు. గుర్రాల మూత్రం, రక్తం నమూనాలను డోపింగ్ పరీక్షకు పంపుతారు. తప్పు తేలితే జరిమానా, సస్పెన్షన్, లైసెన్సు రద్దు, చివరికి రేస్‌కోర్సులో అడుగు పెట్టకుండా నిషేధం. ఒక క్లబ్బు వేటు వేసిన జాకీకి దేశంలోని తక్కిన క్లబ్బుల్లోనూ చోటుండదు. బతుకుతెరువునే తీసేయగల ఈ అధికారం చిన్నదేమీ కాదు.

పందేలు, జూదం రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో 34వ అంశం. 1974 నాటి గేమింగ్ చట్టం గుర్రప్పందేనికి కట్టుదిట్టమైన మినహాయింపు ఇచ్చింది: రేసు జరిగే రోజున, ప్రభుత్వ అనుమతితో కేటాయించిన ఆవరణలో, లైసెన్సున్న బుకీ దగ్గర లేదా టోట్‌లో (అందరి పందెం సొమ్మునూ కలిపి గెలిచినవారికి పంచే పద్ధతి) కాస్తేనే అది జూదం కాదు. అదే గుర్రంపై నర్సాపూర్‌లో ఓ దొంగ బుకీకి డబ్బిస్తే పోలీసు కేసు. 2017 సవరణతో తెలంగాణ ఆన్‌లైన్ ఆటలనూ ఈ చట్టం కిందికి తెచ్చింది. గుర్రప్పందెం అదృష్టంకన్నా నైపుణ్యంపై ఆధారపడిన ఆట అని 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా పన్ను తగ్గలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పందేలపై జీఎస్టీ 40 శాతం.

ఈ ఏర్పాటులో పెద్ద లోపం ఒకటుంది. రేసులు నడిపి ఆదాయం పొందే క్లబ్బే వాటి తప్పొప్పులకూ న్యాయనిర్ణేత. బ్రిటన్‌లో ఈ బాధ్యతను 2007 నుంచి బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ అనే విడి సంస్థ చూస్తోంది. భారతదేశంలో చట్టం ద్వారా ఏర్పడిన అలాంటి స్వతంత్ర సంస్థ లేదు.