చట్టానికీ పర్మిట్‌కూ నడుమ: స్వతంత్ర పార్టీ ఆలోచనలో ప్రభుత్వ నియంత్రణ

ప్రజల ఆర్థిక వ్యవహారాల్లో ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చునన్న ప్రశ్నకు భారతదేశంలో సంప్రదాయవాద పక్షం నుంచి వచ్చిన సమాధానాల్లో అన్నిటికన్నా వివరమైనది, 1959లో ఏర్పడి 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయిన స్వతంత్ర పార్టీది. సంప్రదాయవాదమన్న మాటను ఇక్కడ ఆచార ఛాందసమన్న అర్థంలో తీసుకోరాదు. తరతరాలుగా నిలిచిన ఆస్తి, కుటుంబం, వృత్తి, స్థానిక సంస్థల వంటి ఏర్పాట్లను ఒక కేంద్ర ప్రణాళిక ప్రకారం తిరగరాయడం పట్ల సంశయం చూపే రాజకీయ దృక్పథమని దాని అర్థం. నియంత్రణ అన్న మాటకు కూడా ఇటువంటి వివరణ అవసరమే. అందరికీ ఒకే తీరున వర్తించేలా ముందుగానే ప్రకటించిన నిబంధన ఒక రకం నియంత్రణ కాగా, ఒక్కొక్కరూ దరఖాస్తు పెట్టుకుంటే అధికారి పరిశీలించి ఇచ్చే లేదా నిరాకరించే అనుమతి మరో రకం. తెలుగునాట మాత్రం ఈ రెండింటికీ కలిపి రెండవ ప్రపంచ యుద్ధకాలపు రేషనింగు నాటి ‘కంట్రోలు’ అన్న మాటే స్థిరపడింది. చాలా గ్రామాల్లో చౌకధరల దుకాణం నేటికీ కంట్రోలు షాపే. స్వతంత్ర పార్టీ వాదన బలమంతా ఈ రెండు రకాలను విడదీసి చూపడంలో ఉందనీ, ఆ విభజన నిలవని చోట్లనే పార్టీ అసలు స్వభావం తేటపడుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ ప్రశ్నపై సంప్రదాయవాదం ఏ దేశంలోనూ ఒకే గొంతుతో మాట్లాడలేదు. 1795లో ఇంగ్లండులో పంటలు దెబ్బతిని ధాన్యం ధరలు పెరిగినప్పుడు, కూలి రేట్లనూ ధాన్యపు వ్యాపారాన్నీ ప్రభుత్వం చేతిలోకి తీసుకోరాదని ఎడ్మండ్ బర్క్ ప్రధాని పిట్‌కు ఒక వినతిపత్రం రాశాడు. అది ఆయన మరణానంతరం 1800లో అచ్చయింది. అర్ధ శతాబ్దం తిరగకముందే, టోరీ పక్షానికి చెందిన ఆష్లే ప్రభువు స్త్రీలనూ పదేళ్లలోపు బాలురనూ బొగ్గు గనుల్లోకి దింపరాదన్న 1842 చట్టం కోసం పోరాడి సాధించాడు. మిల్లుల్లో స్త్రీలకూ పిల్లలకూ పది గంటల పనిదినాన్ని నిర్ణయించిన 1847 చట్టం వెనుకా ఆయన కృషి ఉంది. అందువల్ల సంప్రదాయవాదులంటే నియంత్రణకు శత్రువులన్న ప్రచారం చరిత్ర ముందు నిలిచేది కాదు. వారు ఏ నియంత్రణను ఏ కారణంతో కాదన్నారన్నదే పరిశీలించదగిన విషయం.

స్వాతంత్ర్యానంతరం భారతదేశంలో ఏర్పడిన యంత్రాంగం ప్రధానంగా రెండవ రకానికి చెందినది. 1951 నాటి పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం ప్రకారం, షెడ్యూలులో చేర్చిన పరిశ్రమల్లో కొత్త కర్మాగారం నెలకొల్పాలన్నా, ఉన్నదాన్ని గణనీయంగా విస్తరించాలన్నా, కొత్త వస్తువు తయారీకి పూనుకోవాలన్నా కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. మూలధన సేకరణకు, విదేశీ మారకానికి 1947 నాటి వేర్వేరు చట్టాల కింద వేర్వేరు అనుమతులు కావాలి. నిత్యావసర వస్తువుల ఉత్పత్తి, పంపిణీ, ధరలపై ఉత్తర్వులిచ్చే అధికారాన్ని 1955 చట్టం ప్రభుత్వానికి కట్టబెట్టింది. సామ్యవాద తరహా సమాజాన్ని లక్ష్యంగా ప్రకటించిన 1955 ఆవడి కాంగ్రెస్ తీర్మానం, ప్రభుత్వ రంగానికి కీలక పరిశ్రమలను కేటాయించిన 1956 పారిశ్రామిక విధాన తీర్మానం దీనికి సిద్ధాంత భూమికను సమకూర్చాయి. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని లక్ష్యంగా ప్రకటించడంతో, అంతవరకు వ్యాపార వర్గాల గొణుగుడుగా ఉన్న అసంతృప్తి రైతుల భయంగా మారింది. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయిలో జరిగిన సమావేశం నాటికి చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ), ఎన్.జి.రంగా, మినూ మసానీ, కె.ఎం.మున్షీ ఒకే వేదిక మీదికి వచ్చారు. పార్టీ అధ్యక్షుడు రంగా.

‘పర్మిట్-లైసెన్స్ రాజ్’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన రాజాజీ విమర్శ ఆర్థికమైనంత నైతికమైనది కూడా. అనుమతి ఇచ్చే అధికారం ఒకరి చేతిలో ఉన్నప్పుడు అడిగేవాడు యాచకుడవుతాడు, ఇచ్చేవాడు దాత అవుతాడు, ఇద్దరి నడుమా దళారి పుడతాడు, ఎన్నికల నిధి ఆ దారినే అధికార పక్షానికి చేరుతుంది. రాజాజీ వాదనను ఇలా కుదించి చెప్పవచ్చు. పార్టీ ఆమోదించిన ఇరవై ఒక్క సూత్రాలు రాజ్యాన్ని పనిలేని కాపలాదారుగా నిలబెట్టలేదు. సంఘవిద్రోహ చర్యల నివారణ, బలహీనుల రక్షణ, రైల్వేల వంటి జాతీయ సేవల నిర్వహణ, ప్రైవేటు పూనికకు అందని కొత్త పరిశ్రమల ప్రారంభం ప్రభుత్వ బాధ్యతలని అవి అంగీకరించాయి. పైగా రాజాజీకి ఈ విషయంలో పాలనానుభవం ఉంది. 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఆయన ఆహారధాన్యాలపై కంట్రోళ్లు ఎత్తివేసినప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి గనుక, ఆ నిర్ణయం తెలుగు రైతుకు వార్తగా కాక నేరుగా కల్లంలోని ధాన్యం దాకా వచ్చి తగిలిన విషయం.

రాజాజీకి నియంత్రణ ముందుగా ధర్మానికి సంబంధించిన సమస్య అయితే, రంగాకు అది సేద్యానికి సంబంధించినది. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900లో జన్మించి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, 1930ల్లో జమీందారీ వ్యతిరేక రైతు ఉద్యమాలను నడిపి, 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభకు ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన రంగా, సొంత పొలంలో సొంత కుటుంబంతో శ్రమించే రైతును కూలీగానూ పెట్టుబడిదారుగానూ కాక స్వయం ఉపాధి వర్గంగా చూశాడు. ఉమ్మడి సేద్యంలో ఆ రైతు తన గట్టునూ, తన నిర్ణయాన్నీ కోల్పోతాడన్నది ఆయన అభ్యంతరం. ధాన్యం రవాణాపై ఆంక్షలు కూడా ఈ దృష్టికి వేరే రంగులో కనబడతాయి: 1957లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు, మైసూరు, కేరళలను కలిపి దక్షిణ బియ్యపు మండలాన్ని ఏర్పరచినప్పుడు, మిగులు పండే కృష్ణా గోదావరి డెల్టాల రైతు తన సరుకును మండలం హద్దు దాటించి అమ్ముకునే అవకాశం మూసుకుపోయింది. కొనేవారికి ఆహార భద్రతగా తోచిన ఏర్పాటే పండించేవాడికి బలవంతపు రాయితీగా తోచింది. ఈ రెండు దృష్టుల్లోనూ నిజముంది. పార్టీ సాహిత్యం మాత్రం రెండవదానినే విస్తరించి, కేరళ వంటి లోటు ప్రాంతపు వినియోగదారు గురించి దాదాపు మౌనం పాటించింది.

చట్టానికీ పర్మిట్‌కూ మధ్య పార్టీ గీసిన గీత భూపరిమితి దగ్గర మొదటిసారి చెరిగిపోయింది. కమత పరిమితి దరఖాస్తు మీద ఇచ్చే అనుగ్రహం కాదు. ఇంత విస్తీర్ణానికి మించి ఎవరూ ఉంచుకోరాదని అందరికీ ముందుగా చెప్పే నిబంధన. రూపం దృష్ట్యా చూస్తే రాజాజీ అంగీకరించదగిన కోవలోనే అది చేరాలి. అయినా పార్టీ దాన్ని తీవ్రంగా ప్రతిఘటించింది. ‘ఎస్టేటు’ నిర్వచనంలోకి రైత్వారీ భూములను తెచ్చి, 1961 నాటి ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టంతో సహా నలభై నాలుగు చట్టాలను తొమ్మిదవ షెడ్యూలు రక్షణలో ఉంచిన 1964 నాటి పదిహేడవ రాజ్యాంగ సవరణను పార్టీ తన ప్రధాన పోరాటాల్లో ఒకటిగా చేసుకుంది. పరిమితికి లోబడి స్వయంగా సాగుచేసుకునే భూమిని తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గని పరిహారం ఇవ్వాలన్న రక్షణ ఆ సవరణలోనే ఉన్నదన్న సంగతి వేదికల మీద అంతగా వినబడలేదు. నిబంధన అందరికీ ఒకటే అయినా ఆస్తిని తాకితే అది అన్యాయమేనన్న రెండవ సూత్రం ఒకటి పార్టీ మనసులో ఉందని ఇక్కడ అంగీకరించక తప్పదు. ఒకప్పుడు జమీందారుల మీద రైతులను నడిపించిన నాయకుడు మాజీ సంస్థానాధీశులతో ఒకే పార్టీలో కూర్చోగలగడానికి ఆ సూత్రమే వీలు కల్పించింది.

రెండవసారి గీత చెరిగింది కల్లు దగ్గర. ఆర్థిక జీవితంలో ప్రభుత్వ ప్రమేయం తగ్గాలన్న రాజాజీయే, మద్రాసు ప్రధానిగా 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని మొదలుపెట్టి, దానివల్ల పోయే ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్నును తెచ్చాడు. ఒక నియంత్రణ మరో పన్నుకు తల్లి అయిన ఈ వైనాన్ని ఆయన విమర్శకుల కన్నా ఆయన అభిమానులే ఎక్కువ శ్రద్ధగా చదవవలసి ఉంది. అదే నిషేధం ఆంధ్రలో గీత కార్మికుల పొట్ట కొట్టింది. నిషేధాన్ని రద్దు చేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసును అమలు చేయనందుకు 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. గీత కార్మికుల పక్షాన ఉద్యమించిన గౌతు లచ్చన్న తరవాతి కాలంలో స్వతంత్ర పార్టీకి ఆంధ్రలో ప్రముఖ నాయకుడయ్యాడు. తాటిచెట్టు ఎక్కే హక్కు గురించి మాట్లాడే నాయకుడూ, ఆ చెట్టు కల్లును ధర్మం పేరిట ఆపిన నాయకుడూ ఒకే జెండా కింద ఇమిడిన తీరు వింతగా కనిపించినా, దానికి పార్టీ ముందే దారి వేసుకుంది: మౌలిక సూత్రాల పరిధిలోకి రాని విషయాల్లో సభ్యులకు స్వేచ్ఛ ఉంటుందన్నది ఇరవై ఒకటవ సూత్రం. మద్యనిషేధం వంటి ప్రశ్నను, అంటే శరీరాన్నీ వృత్తినీ నేరుగా తాకే నియంత్రణను, మౌలికం కానిదిగా పక్కన పెట్టగలగడం ఆ స్వేచ్ఛావాదపు హద్దును తెలుపుతుంది.

ఇన్ని పగుళ్లున్నా, పర్మిట్ మీద పార్టీ చేసిన విమర్శను తోసిపుచ్చడం కష్టం. ఎందుకంటే దానికి సాక్ష్యం ప్రత్యర్థి శిబిరం నుంచే వచ్చింది. ప్రణాళికా సంఘం కోసం ఆర్.కె.హజారీ 1967లో సమర్పించిన నివేదిక, గుత్తాధిపత్యాన్ని అరికట్టవలసిన లైసెన్సు విధానంలో పెద్ద వ్యాపార సంస్థలే గుట్టలుగా దరఖాస్తులు పెట్టి, పొందిన లైసెన్సులను వాడకుండా అట్టిపెట్టుకొని, ఇతరులకు చోటు లేకుండా చేస్తున్న తీరును బయటపెట్టింది. ప్రభుత్వం దీనినుంచి తీసిన నిర్ధారణ మాత్రం వేరు: 1969లో గుత్తాధిపత్య నిరోధక చట్టం వచ్చి, పెద్ద సంస్థలకు మరో అనుమతిని జోడించింది. అదే ఏడాది జరిగిన బ్యాంకుల జాతీయీకరణను సుప్రీంకోర్టులో సవాలు చేసిన ఆర్.సి.కూపర్ స్వతంత్ర పార్టీకి చెందినవాడు. 1970లో ఆయన గెలిచాడు గాని, ప్రభుత్వం కొత్త చట్టంతో జాతీయీకరణను నిలబెట్టుకుంది. 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచిన పార్టీ 1971లో 8 స్థానాలకు పడిపోయింది.

1991 జులై 24న ప్రకటించిన పారిశ్రామిక విధానం పద్దెనిమిది పరిశ్రమలు మినహా తక్కినవాటికి లైసెన్సును రద్దు చేసింది. అప్పుడు పరిశ్రమల శాఖను కూడా తన వద్దే ఉంచుకున్న ప్రధాని పి.వి.నరసింహారావు, రెండు దశాబ్దాల కిందట ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా భూపరిమితి కోసం పట్టుబట్టిన నాయకుడే. రంగా అప్పటికి చాలా కాలం కిందటే కాంగ్రెస్‌కు తిరిగివచ్చి, 1980ల్లో గుంటూరు నుంచి ఆ పార్టీ సభ్యుడిగా లోక్‌సభలో కూర్చున్నాడు. రద్దయిన పర్మిట్ కర్మాగారానిది. ధాన్యం నిల్వ మీద, కదలిక మీద ఉత్తర్వులిచ్చే 1955 చట్టం ఆ రోజున చెక్కుచెదరలేదు. నిడుబ్రోలు రైతు బియ్యానికి సంబంధించిన అధికారం ఎక్కడున్నదో అక్కడే ఉంది.