విద్యుచ్ఛాస్త్రాధ్యయనము: గిండీ మొదలు నరసరావుపేట వరకు

విద్య, విద్యుత్తు అను రెండు పదములును చెవికి తోబుట్టువులవలె వినబడును. కాని మొదటిది జ్ఞానార్థకమగు విద్ ధాతువునుండియు, రెండవది దీప్త్యర్థకమగు ద్యుత్ ధాతువునకు ‘వి’ యను నుపసర్గము చేరుటవలనను గలిగినవి. పుట్టుక వేరైన యీ రెంటిని నొక్కచోట గూర్చిన శాస్త్రము మన బిడ్డల కెట్లు చేరువయ్యెనో యీ వార్షిక సంచికయందు కొంత విన్నవింప నుద్దేశించితిమి.

చెన్నపట్టణపు గిండీ కళాశాల 1794లో సర్వే పాఠశాలగా మొదలై, 1859 నాటికి యింజనీరింగు కళాశాల యయ్యెను. అందు విద్యుచ్ఛాఖ 1930లో గాని యేర్పడలేదు. అంతకు పూర్వమే బెంగుళూరి విజ్ఞాన సంస్థలో 1911 నుండి విద్యుచ్ఛాస్త్ర విభాగము కలదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1919లో యింజనీరింగు కళాశాల నెలకొనెను. మన పెద్దలు వ్యాకరణ తర్కములకై కాశికి బోయిరి. వారి మనుమలు విద్యుత్తు నేర్చుటకును కాశికే బోవలసి వచ్చినది. కృష్ణా మండలమున జన్మించిన నార్ల తాతారావుగా రట్లు కాశిలో జదివి, పిదప అమెరికాలో నున్నతవిద్య నభ్యసించి, ఆంధ్రప్రదేశ విద్యుత్ మండలి కధ్యక్షులైరి. ఇబ్రహీంపట్టణమునందలి ఉష్ణవిద్యుత్కేంద్రము నేడు వారి పేర బరగుచున్నది.

1946వ సంవత్సరము మనకు స్మరణీయము. ఆ యేట ఆంధ్ర విశ్వవిద్యాలయమున యింజనీరింగు శాఖ యారంభమైనది. విశాఖపట్టణముననే మొదలై కాకినాడకు తరలిన ప్రభుత్వ కళాశాలయు నా యేటిదే. తెలుగు బిడ్డ తెలుగు నేలమీదనే యీ శాస్త్రము నభ్యసింపగల్గెను. 1955లో మాచకుండము నుండి విద్యుత్తు వెలువడినది. ఆ డిసెంబరు 10వ తేదీననే నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1978 నుండి యచ్చట విద్యుదుత్పాదనము సాగుచున్నది. కాకినాడ కళాశాల 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున జేరి, 2008లో తానే ప్రత్యేక విశ్వవిద్యాలయమునకు పీఠమైనది. ఆ విశ్వవిద్యాలయమే 2016లో నరసరావుపేటయందు కళాశాలను స్థాపించినది. శావల్యాపురమున రైలెక్కిన కొలది స్టేషన్లకే నరసరావుపేట. నాడు కాశియంత దూరమున్న విద్య నేడు మన వాకిటికి వచ్చినది.

ఈ నాలుగేండ్ల చదువు వలన నేమి ప్రయోజనమని యడుగువారు కలరు. మన పొలములోనే యుదాహరణము చూతము. సాయంకాలమున వోల్టేజి తగ్గినపుడు బోరుబావి మోటారు అంతే బరువు లాగుటకై యెక్కువ ప్రవాహమును గైకొనును. ప్రవాహము రెట్టింపైన తీగచుట్టలోని వేడి నాల్గింతలగును. అందుచే మోటారు కాలిపోవును. రైతు అప్పు చేసి మరల చుట్టించును. ఈ సూత్రమే దూరప్రసారమున కుపకారి. వోల్టేజిని పదిరెట్లు పెంచినచో ప్రవాహము పదవవంతగును, తీగలలో నష్టము నూరవవంతగును. కావుననే సాగరము నుండి యెత్తైన స్తంభములమీద నధిక వోల్టేజితో విద్యుత్తు వచ్చి, ఊరి ట్రాన్స్‌ఫార్మరువద్ద తగ్గింపబడుచున్నది. ఈ మర్మము నెరిగినవాడు ఊరికి వైద్యుని వంటివాడు.

అయినను తలిదండ్రులు పలువురు కంప్యూటరు శాఖనే కోరి, దీనిని రెండవదిగా నెంచుచున్నారు. కంప్యూటరు విద్యుత్తు లేక నడువదను మాట మరువరాదు. అంతకంటె విచారకరమైన దొకటి కలదు. మేము బహుకాలము పాఠశాలలో బోధించినవారము. తెలుగున గణితము నవలీలగా జేసిన బాలుడు కళాశాలలో నాంగ్ల వాచకమును జూచి తడబడి, తనకు బుద్ధి చాలదని తలచుట మేమెరుగుదుము. వానికి కొఱవడినది బుద్ధి గాదు, భాష. దానికి తోడు బస వ్యయము. మొదటి సంవత్సరమున నీ రెండును దాటింపగల్గినచో మిగిలిన మూడేండ్లు వాడే దాటును.

పూర్వము కులసంఘములు పట్టణములలో వసతిగృహములు నిర్మించి, వారాలు చెప్పుకొని చదివెడి బాలుర కన్నము పెట్టినవి. ఆ దాతల పుణ్యముననే మనలో ననేకులు నాలుగక్షరములు నేర్చితిమి. దూరమును ప్రభుత్వము తగ్గించినది. మిగిలిన యడ్డంకిని తొలగించుట మన వంతు. నరసరావుపేటలో జదువు బాలబాలికలకు బసయు, మొదటి యేట తెలుగున శాస్త్రపరిభాషను విప్పి చెప్పు నుపాధ్యాయుడును కావలయును. ఆడుబిడ్డల బస మొదట నేర్పడవలెను. అది లేనిచో వారి చదువే యాగిపోవును. కళాశాల యెల్లర పన్నులచే వెలసినది గావున, ఆ బసలో నన్యకులముల పేద విద్యార్థులకును కొన్ని చోట్లుంచుట ధర్మము. సంఘము వారు ఈ సభయందే దీనిని నిశ్చయింతురు గాక యని దాతలను, కులబంధువులను సవినయముగా ప్రార్థించుచున్నాము.